కల్లము నుండి కంచము వఱకు



ధాన్యమును పండించుట యొక విద్య. పండిన ధాన్యమును ఆకలిగొన్నవాని కంచము వఱకు చేర్చుట మఱియొక విద్య. మొదటి విద్యను గుఱించి నేను మీకు చెప్పదగినది లేదు. దుక్కి యెఱిగినవారు మీరే. రెండవ విద్యను గుఱించి మాత్రము నాలుగు మాటలు మనవి చేయదలచితిని. బండ్లు, ఎడ్లు, గోనెసంచులు, గోదాములు ఈ విద్యకు అవయవములు. లెక్క దీనికి ప్రాణము. బండ్లు వేయి యున్నను లెక్క తప్పినచో ధాన్యము చేరవలసిన చోటికి చేరదు.

మన కాలమున ఈ లెక్కను యంత్రము వ్రాయుచున్నది. వడ్లు తూచునపుడు కంప్యూటరు, లారీ కదలునపుడు కంప్యూటరు, రేషను దుకాణమున బియ్యము కొలుచునపుడును కంప్యూటరే. ఇటీవల దానికి కృత్రిమ మేధ యనునది తోడైనది. ఇది మేలా కీడా యని మన రచ్చకట్టల యొద్ద వాదములు జరుగుచున్నవి. వెనుకటి చరిత్ర చూచిన గాని ఈ వాదము తెగదని నా యభిప్రాయము. ఏలయనగా యంత్రము క్రొత్తదే గాని అది చేయు పని క్రొత్తది కాదు. ఏ కాలమునందైనను ధాన్యపు లెక్క మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పవలసినదే. ధాన్యము ఎక్కడ ఎంత యున్నది? అది ఎక్కడికి, ఏ త్రోవను పోవలెను? ఎవరికి అందవలెను? ఈ మూడు ప్రశ్నలను వేఱువేఱుగా మనస్సున నుంచుకొని వినవలసినదిగా ప్రార్థించుచున్నాను.

ప్రాచీనుల నుండి మొదలుపెట్టెదము. కౌటిల్యుని అర్థశాస్త్రమున ధాన్యపు కొట్లను కాపాడు అధికారికి కోష్ఠాగారాధ్యక్షుడని పేరు. లెక్కల కచేరికి అక్షపటలమని పేరు. దానికి వేఱొక అధ్యక్షుడు గలడు. అనగా కొట్టు ఒకనిచేత, లెక్క మఱియొకనిచేత నుంచిరి. కొట్టున చేరిన దానిలో సగము జనపదముల ఆపత్కాలమునకై దాచి, తక్కిన సగమునే వాడుకొనవలెనని యా గ్రంథమున విధింపబడినది. పాత ధాన్యమును తీసి క్రొత్త ధాన్యమును నింపుచుండవలెననియు గలదు. రాజ ద్రవ్యమును ఉద్యోగులు హరించు ఉపాయములు నలువది యని కూడ అందు లెక్కించి చెప్పబడినది. ఈ సంగతి యించుక జ్ఞాపకముంచుకొనుడు. ఆ శాస్త్రకారుడు ముందుగా కన్ను వేసి యుంచినది లెక్క వ్రాయువాని మీద.

మన పల్లెలలో లెక్క ఇంత దూరము పోలేదు. నాలుగు మానికలు ఒక కుంచము, నాలుగు కుంచములు ఒక తూము, ఇరువది తూములు ఒక పుట్టి. మానిక మాత్రము ప్రాంతమున కొక తీరుగ నుండెడిది. కల్లమున రాశి పోసినపుడు కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలైనవారు వచ్చి తమ తమ మేర కొలిపించుకొని పోవుచుండిరి. అక్కడ మూడు ప్రశ్నలకును సమాధానము కంటి యెదుటనే యుండెను. రాశి కనబడుచున్నది, త్రోవ ఇంటికే, అందవలసినవాడు చెంగు పట్టుకొని యెదుట నిలిచియున్నాడు. ఇది సత్యకాలమని చెప్పుటకు వీలులేదు. వెట్టిచేయువానికి కల్లపు టడుగున మన్ను కలిసిన గింజలును తాలును దక్కిన దినములు గలవు. అయినను ఒక గుణము మాత్రము ఆ పద్ధతియం దుండెను. తనకు తక్కువ కొలిచినవా డెవడో నష్టపోయినవానికి తెలిసియుండెను. అడుగదలచినచో ఎవని నడుగవలయునో తెలిసియుండెను.

ధాన్యము ఊరు దాటినప్పుడు కథ మాఱినది. దక్షిణాపథమున శతాబ్దములపాటు ధాన్యమును మోసినవారు మన లంబాడీలు. వారినే బంజారాలని యందురు. పదునేడవ శతాబ్దమున గోలకొండ రాజ్యమున సంచరించిన టావెర్నియర్ అను ఫ్రెంచి రత్నవర్తకుడు, పదివేలు పండ్రెండువేల యెద్దులు గల బిడారులు త్రోవలో ఎదురైనట్లు వ్రాసెను. వారిలో నాలుగు తెగలు గలవనియు, ఒకరు ధాన్యమును, ఒకరు బియ్యమును, ఒకరు పప్పుదినుసులను, ఒకరు ఉప్పును మాత్రమే మోయుదురనియు చెప్పెను. మొగలు సేనలు దక్కనుపై దండెత్తి వచ్చినపుడు వానికి తిండి చేర్చినవారును వీరే. ఎద్దు త్రోవలో గడ్డి మేయుచు నడచును గనుక కూలి తక్కువ పడెడిది. అయితే అందులోనే యొక చిక్కు గలదు. వానలు లేని యేట గడ్డి లేదు, నీరు లేదు. ఎద్దులు త్రోవలోనే కూలును. ధాన్యము మిక్కిలి యవసరమైన సంవత్సరముననే ధాన్యము నడువదు. ఒక సీమలో గాదెలు నిండియుండగా నూఱుకోసుల దూరమున మనుష్యులు మలమల మాడిపోవుటకు ఇది యొక ముఖ్య కారణము.

రైలు వచ్చి ఈ చిక్కును తీర్చినది. మన ప్రాంతమున కాజీపేట నుండి గోదావరి దాటి బల్హార్షా వఱకు పోవు మార్గము 1929 నాటికి పూర్తియై, మద్రాసునకును ఢిల్లీకిని నేరుగా సంబంధము కలిగినది. పెద్దపల్లి, రామగుండము, మంచిర్యాల స్టేషనులు ఆ మార్గము మీదివే. కాని రైలు రెండవ ప్రశ్నకు మాత్రమే సమాధానము. మూడవ ప్రశ్నను అది యెఱుగదు. 1876 మొదలు 1878 వఱకు దక్షిణ దేశమున పెద్దలు ధాత కఱవని పిలిచిన మహాక్షామము కలిగినది. అప్పటికి రైళ్లు కొన్ని తిరుగుచునే యుండెను. ధాన్యము ఆ పట్టాల మీద వచ్చుటయే గాక పోవుచు కూడ నుండెను. ఎక్కడ ధర హెచ్చో అక్కడికి నడచెను. ఆకలి హెచ్చయినచోట డబ్బు లేకపోయెను.

1943లో వంగదేశమున జరిగినది అంతకంటె దారుణము. 1942లో బర్మా జపానువారి వశమగుటతో అక్కడి బియ్యము నిలిచిపోయెను. శత్రువు చేతికి చిక్కకుండుటకై తీరప్రాంతమున పడవలను ప్రభుత్వమే స్వాధీనపఱచుకొనెను. పడవలే త్రోవగా గల ఆ నదుల దేశమున త్రోవయే మూసినట్లయ్యెను. ధర పలు రెట్లు పెరిగెను. ముప్పది లక్షల మంది వఱకు మరణించిరని చరిత్రకారుల లెక్క. బాల్యమున ఆ దృశ్యమును చూచిన అమర్త్యసేను పండితుడు 1981లో ప్రకటించిన గ్రంథమున, దేశమున తిండి యున్నంతమాత్రమున ప్రతివానికిని తిండి దొరకదనియు, దానిని పొందు హక్కు చేత నుండుట వేఱు సంగతియనియు విస్తరించి చెప్పెను. మన మూడవ ప్రశ్నకు శాస్త్రరూపము లభించినది అక్కడనే.

అదే యుద్ధకాలమున మన తెలంగాణములో నిజాము ప్రభుత్వము లెవీ ధాన్యమును వసూలు చేసినది. ఎవని యింట నెంత పండినదో నిర్ణయించునది పట్వారి దఫ్తరు. దొరల గాదెలను దాటి వచ్చి చిన్నరైతు గాదె మీద లెవీ పడుట, ఇంటిలో లేని ధాన్యము కాగితము మీద నుండుటచేత బజారున కొని తెచ్చి కొలువవలసివచ్చుట, ఇవి ఆ కాలపు కష్టములు. ఆ తరువాత చెలరేగిన సాయుధపోరాటమునకు భూమి, వెట్టి యెంత కారణములో లెవీయు నంత కారణము. 1948 సెప్టెంబరు 17న సంస్థానము భారతదేశమున చేరెను. పట్వారీగిరి మాత్రము 1984 వఱకు నిలిచియుండి, ఆ యేట ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు ఆర్డినెన్సుతో తొలగినది. పట్వారి యేమి వ్రాసెనో చదువలేని రైతు, వాని గడప ముందు చేతులు కట్టుకొని నిలిచిన దినములను మీలో వృద్ధులు మఱచియుండరు. నేను ఆ కాలమును పొగడుట లేదు. అయితే ఆ దఫ్తరునకు ఒక గడప యుండెనని మాత్రము గుర్తు చేయుచున్నాను.

స్వాతంత్ర్యానంతరము ఈ విద్య ప్రభుత్వపు బాధ్యతగా నేర్పడినది. 1955లో నిత్యావసర వస్తువుల చట్టము, 1965లో భారత ఆహార సంస్థ, అదే యేట మద్దతుధరలను సిఫారసు చేయు సంఘము ఏర్పడెను. 1983లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యము పథకమును తెచ్చెను. 2013లో పార్లమెంటు జాతీయ ఆహారభద్రత చట్టమును చేసినది. దానితో రేషను బియ్యము దయాధర్మమను పేరు పోయి హక్కు అను పేరు వచ్చెను.

ఇప్పుడు మన వడ్లు నడచు త్రోవను చూడుడు. శ్రీరామసాగరపు కాలువలు, ఎల్లంపల్లి జలాశయము, ఊరూర బోరుబావులు నీరిచ్చుచుండగా మంథని మొదలు సుల్తానాబాదు వఱకు పచ్చని వరిమళ్లే. రైతు కోసిన వడ్లను మహిళాసంఘముల వారో సహకార సంఘమువారో నడుపు కొనుగోలు కేంద్రమునకు తెచ్చును. తేమ నూటికి 17 మించరాదు. మించినచో ఆరబోయవలెను. తాలు తూర్పారపట్టి, నలుబది కిలోల చొప్పున సంచుల కెత్తి, తూచి, లారీలో మిల్లునకు పంపుదురు. నూఱు కిలోల వడ్లకు పచ్చిబియ్యమైనచో 67 కిలోలు, ఉప్పుడుబియ్యమైనచో 68 కిలోలు మిల్లువారు ప్రభుత్వమునకు తిరిగి యీయవలెను. ఆ బియ్యము పెద్ద గోదామునకు, అక్కడ నుండి మండలపు నిల్వకేంద్రమునకు, అక్కడ నుండి చౌకధరల దుకాణమునకు, అక్కడ నుండి ఇంటికి చేరును.

ఈ గొలుసున ఏ కడియము తెగినను బాధ రెండు కొసల వారిదే. గోనెసంచులు రాకున్నను, లారీ రాకున్నను, హమాలీలు చాలకున్నను, మిల్లు వాకిట లారీ దిగుమతి కాకున్నను రైతు కల్లము మీద కావలి యుండవలెను. వైశాఖమున అకాలవర్షము పడినచో రాశి మొలకెత్తును. తఱుగు పేర సంచికి కిలో, రెండు కిలోలు కోయుదు రను మొఱ ప్రతి యేట వినబడుచునే యున్నది. ఆవలి కొసను దుకాణమునకు బియ్యము ఆలస్యముగా వచ్చినచో కూలిజనము అప్పు చేసి కొనవలెను. నడుమ నున్నవారికి ఆలస్యము వలన వడ్డీ నష్టము కావచ్చును. కొసల నున్నవారికి అది అన్నపు నష్టము.

ఇక ఈ త్రోవను చక్కజేయుటకు గణితము ఎట్లు వచ్చినదో మనవి చేసెదను. ఎక్కడి సరకును ఎక్కడికి పంపినచో ఖర్చు తక్కువ యగు నను ప్రశ్నను 1781లోనే ఫ్రాన్సు దేశపు గణితవేత్త మోంజ్ మట్టి తవ్విపోయు పనికి సంబంధించి వేసెను. 1939లో రష్యాలో కాంటరోవిచ్, 1941లో అమెరికాలో హిచ్‌కాక్ దీనినే సూత్రములలో పెట్టిరి. 1947లో డాంట్‌జిగ్ అను అమెరికా పండితుడు ఇట్టి లెక్కలను వరుసగా సాధించు ఉపాయమును కనుగొనెను.

చిన్న యుదాహరణ మొకటి. రెండు గోదాములు గలవనుకొనుడు; ఒక్కొక్కదానిలో నూఱు సంచులు. రెండు ఊళ్లు గలవు. ఒక్కొక్కదానికి నూఱు సంచులు కావలెను. మొదటి గోదాము నుండి మొదటి ఊరికి సంచికి 2 రూపాయల కిరాయి, రెండవ ఊరికి 3 రూపాయలు. రెండవ గోదాము నుండి మొదటి ఊరికి 4 రూపాయలు, రెండవ ఊరికి 9 రూపాయలు. మొదటి గోదామువాడు తనకు దగ్గఱిదని మొదటి ఊరికే పంపినచో వానికి 200 రూపాయలతో సరిపోవును. అప్పుడు రెండవ గోదామువాడు తప్పనిసరిగా రెండవ ఊరికి 900 రూపాయలు పెట్టి పంపవలెను. మొత్తము 1,100. త్రోవలు తాఱుమాఱు చేసినచో 300, 400 కలిసి 700 మాత్రమే. ఎవనికి వాడు దగ్గఱిది చూచుకొన్నచో ఊరందఱికిని నష్టమని తేలినది గదా! రెండు గోదాములకు రెండు విధములే గనుక పలక మీద వేయగలిగితిమి. పది గోదాములను పది ఊళ్లకు ఒక్కొక్కటిగా జతపఱచుటకు 36,28,800 విధములు గలవు. అది గుమాస్తాకు అలవి గాదు. యంత్రమునకు అలవియగును.

ఈ విద్యయే నేడు మన బియ్యమునకు వర్తించుచున్నది. 2024 డిసెంబరులో కేంద్రప్రభుత్వము అన్నచక్ర అను పేరుగల సాధనమును ఆరంభించినది. ఐక్యరాజ్యసమితి వారి ప్రపంచ ఆహార కార్యక్రమమును, ఢిల్లీ ఐ.ఐ.టి.కి చెందిన సంస్థయు దానిని తీర్చిదిద్దుటలో తోడ్పడెను. దేశమందలి 4.37 లక్షల చౌకధరల దుకాణములు, 6,700 గోదాములు దాని లెక్కలోనికి వచ్చునని, 30 రాష్ట్రములలో కలిసి యేటికి 250 కోట్ల రూపాయల కిరాయి మిగులునని అంచనా వేసినట్లు ప్రభుత్వమువారు ప్రకటించిరి. అంత బియ్యము చుట్టుత్రోవల తిరుగుట మానినచో డీసెలు మిగులును, పొగ తగ్గును, బియ్యము త్వరగా చేరును. దీనిని కాదనువాడు మూర్ఖుడే.

కృత్రిమ మేధ యనునది దీనికి పైమెట్టు. సూత్రమును మనము చెప్పుటకు బదులు, వేలు లక్షల పాత లెక్కలను యంత్రమునకు చూపి వానిలోని పోలికలను దానిచేతనే పట్టించుట ఈ విద్య. పాత వర్తకుడు మబ్బును, పండుగను, బజారులోని బండ్ల సంఖ్యను చూచి ధర హెచ్చునో తగ్గునో చెప్పును. ఏ శాస్త్రమున చదివితివని యడిగిన అనుభవమనును. యంత్రముకూడ ఆ విధముగనే వచ్చు నెల ఏ మండలమున నెంత బియ్యము కావలెనో, ఏ వారమున నెన్ని లారీలు అక్కఱపడునో అంచనా కట్టగలదు. అంచనా యించుక తప్పినను వచ్చు నెలలో సర్దుకొనవచ్చును. బస్తా ఒక గోదామున ఎక్కువ, ఒకదానిలో తక్కువ యగును. అంతకు మించిన ప్రమాదము లేదు.

ఈ యంత్రము మొదటి రెండు ప్రశ్నలను దాటి మూడవ ప్రశ్న లోనికి వచ్చినపుడు మాత్రము మనము కన్ను తెఱచి చూడవలెను.

దానివలన మేలు కలుగలేదని చెప్పను. 2015లో ఆంధ్రప్రదేశ్‌లోను, కొద్ది యేండ్లలో తెలంగాణములోను రేషను దుకాణములకు వ్రేలిముద్ర యంత్రములు వచ్చెను. రాని మనుష్యుని పేర బియ్యము వ్రాసికొనుట కష్టమయ్యెను. 2019 ఆగస్టు 9న తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రముల నడుమ ఒకచోటి కార్డుతో మఱియొకచోట బియ్యము పొందు పద్ధతి ఆరంభమై, 2022 జూను నాటికి దేశమంతటను వ్యాపించినది. మన పెద్దపల్లి ప్రాంతపు ఇటుకబట్టీలకు ఒడిశా నుండి కూలీలు కుటుంబములతో వచ్చుచుందురు. వారి ఊరి కార్డు ఇక్కడ చెల్లుట సామాన్యమైన మేలు కాదు. బంజారా యెద్దులు గాని, రైలు గాని మనుష్యుని వెంట వాని హక్కును మోసికొని రాలేదు. యంత్రము తెచ్చినది.

అయితే వ్రేళ్లు అరిగిన కూలివాని ముద్ర యంత్రమున పడకపోవుట మనమందఱము చూచుచున్నదే. బీడీలు చుట్టి చుట్టి, ఇసుక మోసి మోసి చర్మము నునుపెక్కిన వ్రేలిని యంత్రము ఎఱుగదు. ఇందుకు కంటిపాప గుర్తు మొదలైన ప్రత్యామ్నాయములు పెట్టిరి గనుక ఈ బాధ కొంత తగ్గినది.

ఇంతకంటె పెద్ద సంగతి మఱియొకటి గలదు. మన రాష్ట్రప్రభుత్వము సమగ్రవేదిక యను కంప్యూటరు వ్యవస్థను ఏర్పఱచినది. వాహనములు, ఇంటిపన్ను, విద్యుత్తు మొదలైన పలు శాఖల లెక్కలను ఒకచోట కూర్చి, ఏ పేరు ఏ మనుష్యునిదో పోలికను బట్టి జతపఱచి, ఇతడు కలవాడు, ఇతడు లేనివాడు అని అది చెప్పును. రేషను కార్డుల యోగ్యతను నిర్ణయించుటకు దీనిని వాడిరి. 2014 మొదలు 2019 వఱకు పద్దెనిమిది లక్షలకు పైగా కార్డులు రద్దయినవనియు, లక్షా నలుబదిరెండువేల క్రొత్త దరఖాస్తులు త్రోసివేయబడినవనియు, ముందుగా తెలియజేయుట జరుగలేదనియు 2024 జనవరిలో వెలువడిన పత్రికాపరిశోధన తెలిపినది. దొంగకార్డులు అందులో లేకపోలేదు. వానిని తొలగించినచో నిజమైన పేదలకే మేలని అధికారుల వాదము. ఆ వాదమును కొట్టివేయుటకు వీలులేదు.

కాని విచారణకు వచ్చినపుడు తేలినదేమి? ఈ వ్యవహారము సుప్రీంకోర్టు వఱకు పోయెను. రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రమున ఇంటింటికి పోయి పరిశీలింపవలెనని న్యాయస్థానము 2022 ఏప్రిలులో ఆదేశించినది. ఆ పరిశీలనకు 4,91,899 అర్జీలు వచ్చెను. ఆ యేటి జూలై నాటికి పరిశీలింపబడినవి 2,05,734. వానిలో 15,471 అర్జీలు అంగీకరింపబడెను. అనగా నూటికి ఏడున్నర. లెక్కల పుస్తకమున నూటికి ఏడున్నర చిన్న సంఖ్యయే. పదిహేనువేల నాలుగువందల పొయ్యిల మాట యనుకొన్నచో చిన్నది కాదు. ఏండ్ల తరబడి ఆ యిండ్లవారు నేరమేమో తెలియకయే బజారుధరకు బియ్యము కొనిరి, లేదా కొనలేకపోయిరి.

పొరపాటు ఎట్లు కలుగును? మన సీమ పేర్లనే చూడుడు. ఒక్క ఊరిలో రాజయ్యలు పదిమంది, మల్లయ్యలు పదిమంది, లక్ష్ములు ఇరువదిమంది. ఇంటిపేరొక కాగితమున ముందు, ఒక కాగితమున వెనుక, మఱియొక కాగితమున పొడి అక్షరముగ నుండును. తెలుగు పేరును ఆంగ్లాక్షరములలో వ్రాయునపుడు గుమాస్తా కొక తీరు. కారు గల రాజయ్యయు, రిక్షా త్రొక్కు రాజయ్యయు యంత్రమునకు ఒక్కడే యగుట వింత గాదు. తర్కశాస్త్రమున దీనికి పేరు గలదు. పొగను చూచి నిప్పు ననుమానించుట సద్ధేతువు. పొగ యున్నచోట నిప్పు తప్పదు. పేరు ఒక్కటే గనుక మనుష్యుడొక్కడే యనుట వ్యభిచరించు హేతువు. పేరు ఒక్కటైనను మనుష్యులు వేఱు కావచ్చును. అనుమానము సందిగ్ధమైనపుడు ప్రత్యక్షమును ఆశ్రయింపవలెనని మన పూర్వులు చెప్పిరి. న్యాయస్థానము క్షేత్రపరిశీలన చేయుడని చెప్పినది ఆ ప్రత్యక్ష ప్రమాణమునే.

బియ్యపు సంచిని పోలికచేత లెక్కించవచ్చును. ఒక సంచి మఱియొక సంచివంటిదే. మనుష్యుని పోలికచేత లెక్కించి, వాని నోటి ముద్దను నిర్ణయించుట తగదు. ఇంతకుముందు అర్థశాస్త్రమును గుర్తుంచుకొనుడని మనవి చేసితిని. ఆ శాస్త్రము లెక్క వ్రాయువానిని అనుమానించి వాని మీద తనిఖీ పెట్టినది. మనము లెక్కను నిర్దోషియని నమ్మి, అన్నము కోరి వచ్చినవానిని దోషిగా నిలిపి, నీవు దోషివి కావని నీవే రుజువు చేసికొమ్మనుచున్నాము. లెవీ దినములలో పట్వారి కాగితము మీద నున్న ధాన్యము రైతు గాదెలో లేకపోయినను కాగితమే గెలిచెను. నేడు కంప్యూటరులో నున్న కారు పేదవాని వాకిట లేకపోయినను కంప్యూటరే గెలిచినచో మనము నడచిన దూరమెంత? పట్వారికి గడప యుండెను. తిట్టుటకైనను, వేడుకొనుటకైనను మనుష్యుడుండెను. యంత్రమునకు గడప లేదు. దుకాణదారు నాకు తెలియదనును. కచేరిలోని ఉద్యోగి పైనుండి వచ్చినదనును. పైన నెవరున్నారో చెప్పువాడు లేడు.

కావున యంత్రమును పాఱవేయుడని నేను చెప్పను. దానికి గడప కట్టుడని చెప్పుచున్నాను. కార్డు తీసివేయుటకు ముందు ఇంటికి నోటీసు రావలెను. కారణము తెలుగున, చదివి తెలిసికొనదగిన మాటలలో నుండవలెను. విని సరిదిద్దు అధికారము గల మనుష్యుడు మండలముననైన నుండవలెను. విచారణ ముగియువఱకు బియ్యము ఆగరాదు. తప్పు లేదని రుజువు చేయు భారము పేదవానిమీద గాక, తప్పున్నదని రుజువు చేయు భారము తీసివేయువాని మీద నుండవలెను. మొదటి రెండు ప్రశ్నలలో యంత్రపు మాట మనము వినవచ్చును. మూడవ ప్రశ్నలో యంత్రము సాక్షి మాత్రమే. తీర్పు చెప్పునది మనుష్యుడు కావలెను.

ఇందు పెద్దల కర్తవ్యము కూడ గలదు. 2013 చట్టమున జిల్లాకు ఫిర్యాదుల పరిష్కారాధికారియు, రాష్ట్రమునకు ఆహార కమీషనును, దుకాణముల కొఱకు విజిలెన్సు సంఘములును, సామాజిక తనిఖీయు విధింపబడినవి. ఇవి ఉన్నవని తెలిసినవారు ఎందఱు? 2025 ఏప్రిలు నుండి మన రాష్ట్రమున సన్నబియ్యము పంచుట ఆరంభమైనది; ఆ యేటి జూలైలో క్రొత్త కార్డుల పంపకము మొదలైనది. ఏండ్ల తరబడి వేచియున్నవారికి కార్డులు దొరకుచున్న ఈ సమయమే పరిశీలనకు మంచి సమయము. గ్రామసభలో కార్డుల జాబితాను బిగ్గఱగా చదివింపుడు. పేరు రానివారెవరు, పేరు పోయినవారెవరు అని యడుగుడు. ఊరిలో ఎవని యింట కారున్నదో, ఎవని యింట పొయ్యి వెలుగలేదో మీకు తెలిసినంత ఏ యంత్రమునకును తెలియదు. చదువు రాని వితంతువు కాగితము పట్టుకొని వచ్చినపుడు చదివి చెప్పుడు. అర్జీ వ్రాసి యిండు. వెంట పోయి మండల కచేరిలో రసీదు తీసికొని వచ్చుడు. రసీదు లేని అర్జీ నీటిమీది వ్రాత.

ధాన్యపు త్రోవ ఎద్దుల కాలమున గడ్డి లేక తెగినది. రైలు కాలమున డబ్బు లేక తెగినది. లెవీ కాలమున దఫ్తరు అబద్ధమై తెగినది. మన కాలమున గడ్డితో పని లేదు, బియ్యమునకు కొఱత లేదు, త్రోవ చక్కజేయు గణితము చేతికి వచ్చినది. ఇక తెగుట కున్న చోటు ఒక్కటే, దుకాణమునకును కంచమునకును నడుమ, పేరు జాబితాలో లేని మనుష్యుని యొద్ద. అక్కడ నిలిచి చూచువారు ఊరిపెద్దలు కావలెనని కోరుచు ఈ ప్రసంగమును ముగించుచున్నాను.